ఆగే బంతి

శ్రావణం, మొదటి సోమవారం

నా కాలు గీత తొక్కలేదు.

ముందు ఈ మాట రాసి మిగతాది తర్వాత రాస్తాను. ఆ ఫైనల్ జరిగి ముప్పై ఏళ్ళు దాటింది. కోరంగి జట్టు ఒక్క పాయింటు ముందుంది. మా ఉప్పాడ జట్టుకు చివరి బంతి. అది నా చేతికొచ్చింది. కోర్టు మూలలో, పక్క గీతకు ఇవతల నిలబడి వేశాను. బంతి బుట్టలో పడింది. రిఫరీ ఈల వేసి నా కాలి వైపు వేలు చూపించాడు. గీత తొక్కావు, చెల్లదు అన్నాడు. తొక్కలేదు. అల వచ్చి తెప్ప అటు వంగింది. నా మడమ గాలిలో ఉంది, మునివేళ్ళు గీతకు ఇవతల ఉన్నాయి. అప్పుడూ అదే చెప్పాను, ఇప్పుడూ అదే చెప్తున్నాను. చచ్చేటప్పుడు నోట్లో నీళ్ళు పోసినా అదే చెప్తాను.

నా పేరు ఓలేటి నూకరాజు. ఉప్పాడ తెప్ప, మూడో వరస. పని, తెప్ప కింద పీపాలకు పట్టిన గుల్లలు గీకడం. చదువు పెద్దగా లేదు. అయినా మీ ఫిర్యాదుల పుస్తకంలో చేత్తో రాస్తున్నాను. చేత్తో రాసిన ఫిర్యాదుకు మనిషే జవాబు రాయాలని జ్ఞాపకశాఖ వారైన మీరే మా తెప్ప మీది మీ హాలు గోడ మీద రాయించారు. ఈ పుస్తకాన్ని తాడుతో గుమ్మానికి కట్టారు గాని ఇందులో ఒక్కడూ రాయలేదు. నేనే మొదటివాణ్ణి.

మీరు కొండ మీద ఉంటారు. మా సంగతి మీకు వినడమే గాని చూడడం లేదు. క్రికెట్‌కు నేల కావాలి. మాకు నేల లేదు, ఊరంతా తెప్ప మీదే. ఒక తెప్ప మీద ఒక కోర్టు పడుతుంది కాబట్టి మా తాతల నాటి నుంచీ మాది బాస్కెట్‌బాలే. ఆటకు జీతం ఇచ్చిన రోజులు కూడా ఉన్నాయి. ఇప్పుడు ఆడేవాళ్ళు లేరు, మాట్లాడేవాళ్ళు ఉన్నారు.

ఆ మాట్లాడడం మాణిక్యం టీ కొట్లో. అక్కడ బెంచీలున్నాయి గాని వాదించేవాడు కూర్చోకూడదు. నిలబడినంతసేపూ వాడి మాట నిలబడినట్టు. ఓపిక లేక కూర్చుంటే "కూర్చున్నా" అని పైకి చెప్పాలి. చెప్తే ఓడినట్టే. ఎదుటివాడికి టీ వాడే తెచ్చివ్వాలి. ఉప్పెనలో పాత ఆటలు తీసి ఉంచిన బొమ్మలన్నీ కొట్టుకుపోయాక మీవాళ్ళు వచ్చి ఆ కొట్టు దూలానికి చెవి తగిలించారు. వినే యంత్రం, శంఖమంత ఉంటుంది. మా వాదనలు విని, ఎవడు కూర్చున్నాడో దాన్ని బట్టి, ఆటలు మళ్ళీ తయారుచేసి, ఆదివారం సందెవేళ పాత తెరచాప మీద వేస్తున్నారు. మొదట్లో సంబరంగానే ఉండేది. కోరంగి దేముడమ్మ ఫైనల్లో ముక్కుపుడక పెట్టుకుని ఆడిందా లేదా అని నెలంతా కొట్టుకున్నారు. ఒక ఆదివారం ముక్కుపుడక ఉంది, మరో ఆదివారం లేదు. అందరం నవ్వుకున్నాం.

నేను మాత్రం ఇంతవరకు కూర్చోలేదు. అందుకే తెర మీద నా కాలు గీత పక్కనే ఉంది. తొక్కినట్టూ లేదు, తొక్కనట్టూ లేదు.

ఈ రోజు కొట్లోకి వెళ్ళేసరికి దాలినాయుడు లేచి నిలబడ్డాడు. వలలు బాగుచేస్తాడు. పుట్టింది కోరంగిలో, మా తెప్పకు ఇల్లరికం వచ్చాడు. తిండి మాది, పొగడ్త వాళ్ళది.

"ఏం మావా, ఇయ్యాల కాలెలాగుంది?"

"ఏ కాలు?"

"అదే, గీత తొక్కిన కాలు."

"అత్తారి గుమ్మం తొక్కి ఎనక్కి పోనోడివి నువ్వు. నేనేటీ తొక్కలేదు."

కొట్టంతా గొల్లున నవ్వింది. మాణిక్యం గ్లాసులు కడుగుతూ, "మావా, ఆ మోకాళ్ళతో ఎన్నాళ్ళు నిలబడతావు? ఒక్కసారి కూర్చో, టీ నేనే ఇస్తాను" అంది.

"నువ్వు పాలు పోసి టీ పెట్టిన్నాడు కూర్చుంటాను" అన్నాను.

ఇక అసలు ఫిర్యాదు. నిన్న తెర మీద చివరి బంతి నాకు అందించిన వాడి చొక్కా మీద అంకె లేదు. ఖాళీ చొక్కా. వాడు కర్రి తాతబ్బాయి, నా జతగాడు. పోయి ఆరేళ్ళయింది. వాడి అంకె ఏడు. సరిచేయించండి.

శ్రావణం, మూడో ఆదివారం

జవాబు లేదు. రాస్తూనే ఉంటాను.

ఈ సందెవేళ లోవమ్మ వదిన ఎప్పటిలాగే ముందుగా వచ్చి తెరచాప ఎదురుగా చాప పరుచుకుంది. తాతబ్బాయి భార్య. వాడు నాకంటే ఆర్నెల్లు పెద్ద కాబట్టి నాకు వదిన. ఆటంటే ఆమెకు పడదు. బుట్టలో బంతి పడితే పాయింటని ఇప్పటికీ తెలియదు. ఆదివారం వచ్చేది వాణ్ణి చూడడానికే. ఉప్పెనలో వాళ్ళింట్లో ఒక్క ఫొటో మిగలలేదు. ఆ తెర మీద వాడు అటూ ఇటూ నడిచే కాసేపే ఆమెకున్నది.

వాడికో అలవాటుంది. బంతి ఇచ్చేముందు కుడి అరచెయ్యి తొడకు తుడుచుకునేవాడు. చెమట ఉన్నా లేకపోయినా. అది ఆమెకు గుర్తు. అది రాగానే నోరు కొంగుతో మూసుకుని నవ్వుతుంది.

ఈ రోజు నవ్వలేదు. ఆట అయ్యాక నా దగ్గరికొచ్చింది.

"నూకరాజూ, మీ అన్న ఇయ్యాల సెయ్యి తుడుసుకోలేదేటి?"

"తుడుచుకునే ఉంటాడు వదినా. నువ్వు చూడలేదు."

"నేను ఇంకేటి సూత్తాను అందులో?" అంది.

నిజమే. నేనూ చూశాను. తుడుచుకోలేదు. ముఖం కూడా సరిగా లేదు. నీళ్ళలో పడిన బొమ్మలా ఉంది. వాడి పక్కన నా ముఖం మాత్రం కొత్త నాణెంలా ఉంది.

ఇంకో మాట రాయాలి. ఈ అక్షరాలు నాకు వాడు నేర్పినవే. ఆట లేని రోజుల్లో తడి చెక్క మీద బొగ్గుతో దిద్దించేవాడు. తప్పు రాస్తే కాలితో తుడిచేసి మళ్ళీ రాయించేవాడు. తిట్టేవాడు కాదు. వాడు ఎవరినీ ఏమీ అనేవాడు కాదు.

భాద్రపదం, చవితి మర్నాడు

మీ ఆఫీసరు పడవలో వచ్చాడు. చిన్నవాడు, మర్యాద తెలిసినవాడు, కుర్చీ ఇచ్చాడు. నేను కూర్చోలేదు. అలవాటు లేదని చెప్పాను. అతను చెప్పింది ఇక్కడ రాస్తున్నాను. తర్వాత అతను అనలేదంటే కుదరదు.

"తాతగారూ, చెవి మాటలు వినదండీ, తగువులు వింటుంది. ఇద్దరు చెరోమాట అన్నప్పుడే ఏదో ఒకటి జరిగిందని దానికి నమ్మకం. ఎవరి గురించైతే తగువు లేదో వాళ్ళకు ఆధారం లేదన్నమాట. మెల్లగా పలచబడతారు."

"అంటే?"

"మీ తాతబ్బాయి గారు ఎప్పుడైనా బంతి జారవిడిచారా?"

"లేదు."

"ఎవరితోనైనా గొడవపడ్డారా? రిఫరీని తిట్టారా? జట్టు మారతానన్నారా?"

"వాడా! చీమను తొక్కితే పక్కకు జరిగి క్షమించమనే రకం."

"అదేనండీ మరి. మంచివాడి గురించి కొట్లో ఎవరు నిలబడతారు? మీ కాలు చూడండి, మా దగ్గరున్న అన్ని ఆటల్లోనూ అంత గట్టిగా వచ్చింది ఇంకేదీ లేదు. బొటనవేలి గోరు పగులు కూడా కనిపిస్తుంది."

పొగిడాడో తిట్టాడో తెలియలేదు. అతను పొగడ్తే అనుకున్నాడు.

"అయితే నేను పోయి వాడి గురించి తగువు పెట్టుకుంటాను" అన్నాను.

"పెట్టుకోండి. కాని ఇద్దరూ ముందే కూడబలుక్కుని చేస్తే పనికిరాదు. చెవికి తెలిసిపోతుంది. ఎదుటి మనిషి కోపం నిజంది కావాలి."

పడవెక్కుతూ ఇంకో మాటన్నాడు. తెర మీద పలచబడినవాళ్ళు, తెర చూసేవాళ్ళ బుర్రల్లో కూడా పలచబడుతున్నారని కొండ మీద అనుకుంటున్నారట. ఇంకా తేల్చలేదట. తేల్చేదాకా కంగారు పడవద్దని చెప్పి వెళ్ళిపోయాడు.

భాద్రపదం, ఆదివారం

ఈ రోజు తాతబ్బాయి లేడు.

ఫైనల్ చివర్లో మా జట్టు కుర్రాడొకడు మధ్య గీత దగ్గర బంతి పట్టి కుడివైపు విసిరాడు. అక్కడ ఎవరూ లేరు. బంతి పోయి గాలిలో ఆగింది. ఛాతీ ఎత్తున. కిందపడలేదు. కాసేపు అలాగే ఉండి, ఎవరో ఇటూ అటూ చూసుకుంటున్నట్టు కొంచెం కదిలి, అక్కణ్ణుంచి సూటిగా నా చేతుల్లోకి వచ్చింది.

తెర ముందున్న జనం చప్పట్లు కొట్టారు. ఒక్కరూ ఉలిక్కిపడలేదు.

"చూశావా బంతి ఎలాగాగిందో?" అన్నాను మాణిక్యంతో.

"అదెప్పుడూ అంతేగా మావా. ఆగే బంతి" అంది.

ఆగే బంతి! దానికి పేరు కూడా పెట్టేశారు. నా వెనకాల దాలినాయుడు ఇంకొకడితో అప్పుడే మొదలుపెట్టాడు. తెప్ప వంపు వల్ల బంతి ఆగుతుందని ఇతను, కాదు అక్కడ గాలి సుడి తిరుగుతుందని అతను. ఇద్దరూ లేచి నిలబడ్డారు. నవ్వుతున్నారు. ఖాళీ గాలి కోసం నిలబడతారు గాని అందులో ఉన్న మనిషి కోసం ఎవడూ లేవడు.

లోవమ్మ వదిన చాప చుట్టుకుంటోంది. చుట్టిన చాపను విప్పి మళ్ళీ చుట్టింది. నా వైపు చూసి, "మీ అన్న కుడిసేతివాటమా, ఎడమసేతివాటమా నూకరాజూ?" అని అడిగింది.

నలభై ఏళ్ళు ఒక కంచంలో తిన్న మనిషి అడిగే మాటేనా అది?

"కుడి" అన్నాను. అని ఇంటికొచ్చి పీపాల దగ్గర కూర్చుని చాలాసేపు ఆలోచించాను. కుడి చెయ్యే. తొడకు తుడుచుకునేది కుడి చెయ్యే. రాసి ఉంచుతున్నాను. కుడి.

భాద్రపదం, బుధవారం

పొగిడితే పని జరుగుతుందేమోనని కొట్టుకు వెళ్ళాను. నడిమధ్యన నిలబడి, చెవికి వినబడేలా చెప్పాను. "కర్రి తాతబ్బాయంతటి ఆటగాడు ఈ సముద్రం మీద పుట్టలేదు. కాదన్నోడు లేవండి."

ఎవరూ లేవలేదు.

"తాతబ్బాయి బాబాయి ఆడేవాడా?" అన్నాడు దాలినాయుడు. "పడవలకి రంగులేసేవోడు కదా?"

"ఆడేవాడు. నాకు చివరి బంతిచ్చింది వాడే."

"అలాగా. నువ్వంటే ఆడే ఉంటాడులే మావా."

అంతే. అందరూ తలలూపారు. ముసలాడు ఏదో అంటున్నాడు, పోనీ అన్నట్టు. ముప్పై ఏళ్ళుగా నా ప్రతి మాటకూ లేచినవాళ్ళు ఈ ఒక్క మాటకు లేవలేదు. మాణిక్యం అడక్కుండానే టీ పోసింది. ఆ టీ తాగలేదు.

ఆశ్వయుజం, మొదటి మంగళవారం

ఈ రోజు చేసింది ఇక్కడ రాస్తున్నాను. ఇంకెక్కడా చెప్పలేను. చెప్తే కూడబలుక్కున్నట్టవుతుంది. వదినకు చదువు రాదు కాబట్టి ఇక్కడ రాయవచ్చు.

మంగళవారం వదిన కొట్టు ముందు నుంచి చేపల గంప తీసుకుని పోతుంది. ఆమె అడుగు వినబడేదాకా ఆగాను. అప్పుడు గొంతు పెంచాను.

"మనం ఓడింది నా కాలి వల్ల కాదు. తాతబ్బాయి వల్ల. ఆడిచ్చింది పాసేనా? తలమీంచి ఎత్తుగా ఇసిరాడు. దాన్ని పట్టుకోవడానికి నేను మూలదాకా పోవాల్సొచ్చింది. అలాంటి చేతగాని పాసు నా బతుకులో చూళ్ళేదు."

నిజానికి వాడిచ్చిన పాసు నా గుండెల మీదికొచ్చింది. అన్నం ముద్ద నోటికందించినట్టు. ఇది కూడా రాసి ఉంచుతున్నాను.

గంప దించిన చప్పుడైంది. వదిన లోపలికొచ్చింది. ఇన్నేళ్ళలో ఆ కొట్లో ఆమె కాలు పెట్టడం నేను చూడలేదు.

"ఏటన్నావు?"

"అన్నదే అన్నాను."

"సచ్చినోణ్ణి పట్టుకుని సేతగానోడంటావా? ఆడు పెట్టిన కూడు తిని, ఆడు సెప్పిన అచ్చరాలు దిద్ది? నీ కాలు గీత తొక్కితే ఆడి సెయ్యేటి సేత్తాది?"

"నా కాలు తొక్కలేదు. ఆడి పాసే చెత్త."

"నీ నోరే సెత్త. కుడిసేత్తో ఇచ్చాడు. తొడకి తుడుసుకుని మరీ ఇచ్చాడు. నేను తెప్ప అంచునే ఉన్నాను. నీ గుండెల్లో పెట్టాడు!"

కొట్లో టీ తాగేవాళ్ళు గ్లాసులు దించేశారు. మాణిక్యం ఒక బెంచీ ముందుకు లాగి, "కూర్చో అత్తా" అంది.

"నేను కూకోను" అంది వదిన. "ఈడు కూకునేదాకా నేను కూకోను."

నా గొంతులో కోపం నిజందేనా అని మీరడగవచ్చు. నా గొంతులో కోపం ఎప్పుడూ ఉంటుంది. అది నా కాలిది. దాన్నే వాడుకున్నాను.

ఆశ్వయుజం, ఆదివారం

చెయ్యొచ్చింది.

తెర మీద బంతి ఆగిన చోట, బంతి కింద ఒక చెయ్యి. మోచేతి దాకానే ఉంది. దాని వెనక మనిషి లేడు. అది బంతిని వదిలి కిందికి దిగి, లేని తొడకు తుడుచుకుని, మళ్ళీ పైకొచ్చి బంతి పట్టుకుంది. కుడి చెయ్యే.

పిల్లలు ఒకరిద్దరు ఏడ్చారు. వదిన చాప మీంచి లేచి తెరచాప దాకా పోయి, గుడ్డ మీద ఆ చెయ్యి ఉన్న చోట తన చెయ్యి పెట్టింది. బొమ్మ ఆమె వేళ్ళ మీద పడి కదిలింది.

నా వైపు చూడలేదు. నాతో మాటలు లేవు. నా వాకిట్లో చేపలు పెట్టడం కూడా మానేసింది.

ఆశ్వయుజం, శుక్రవారం

రోజూ నిలబడుతున్నాం. నేను పీపాల పని ముగించుకుని పోయేసరికి ఆమె అక్కడ ఉంటుంది. నేను పాసు చెత్త అంటాను. ఆమె ఎలా మంచిదో చెప్తుంది. చెప్పేకొద్దీ ఆమెకు ఇంకా గుర్తొస్తోంది. వాడి చెవి వెనక మచ్చ. పరుగెత్తేటప్పుడు ఎడమ భుజం కొంచెం కిందికి వాలడం. గెలిచినా ఓడినా తెప్ప అంచున కూర్చుని కాళ్ళు నీళ్ళలో పెట్టుకోవడం. నేను కొన్ని కాదంటాను, ఆమె ఇంకా గట్టిగా చెప్తుంది. ఆమె చెప్పేది వింటూ కాదనడం ఎంత కష్టమో మీకు తెలియదు. నాకు మచ్చ గుర్తు లేదు. ఆమె చెప్పాక గుర్తొచ్చింది. వెంటనే, "మచ్చా లేదు, మన్నూ లేదు" అన్నాను.

నిన్న నిలబడడానికి గుంజ పట్టుకున్నాను. ఆమె చూసింది.

"కూకో. ఒప్పుకో, కూకో" అంది. ఆ గొంతులో తిట్టు లేదు.

కూర్చోలేదు. ఎందుకంటే ఇంకా వాడి ముఖం రాలేదు.

దాలినాయుడికి ఏమీ తోచడం లేదు. "మావా, నీ కాలి మీద వాదిద్దాం రా. అది సరదాగా ఉండేది" అంటున్నాడు. నేను వినలేదు. నా కాలి మాట ఎవరూ ఎత్తడం లేదు. ఎత్తే సందు వదిన ఇవ్వడం లేదు.

ఆశ్వయుజం, మూడో ఆదివారం

వాడొచ్చాడు. మొత్తం మనిషి. చొక్కా మీద ఏడు. చెవి వెనక మచ్చ.

కాని పాసు తలమీంచి ఎత్తుగా ఇచ్చాడు. నేను అన్నట్టే. నేను మూలకు పరుగెత్తి అందుకున్నాను. జనం వాణ్ణి వెక్కిరిస్తూ ఈలలు వేశారు. "ఏం పాసురా అది!" అన్నాడొకడు. వదిన తల దించుకుంది.

నేను నిలబడి ఉన్నంతకాలం వాడు అలాగే ఇస్తాడు. వాడు బతికుండగా ఎవరి చేతా ఒక్క మాట అనిపించుకోలేదు.

ఆశ్వయుజం, మర్నాడు

ఉదయం గుల్లలు గీకడానికి వెళ్ళలేదు. నేరుగా కొట్టుకు వెళ్ళాను. వదిన ఉంది. దాలినాయుడు ఉన్నాడు. మాణిక్యం పొయ్యి రాజేస్తోంది.

చెవి కింద నిలబడ్డాను.

"తాతబ్బాయి పాసు మంచిది. గుండెల మీదికిచ్చాడు. దాన్ని పాడుచేసింది నేను."

"ఎలాగ?" అంది వదిన. వదిలే మనిషి కాదు.

ముప్పై ఏళ్ళుగా ఈ నోరు పలకని మాట అది. దాలినాయుడు గ్లాసు పట్టుకుని నా వంకే చూస్తున్నాడు.

"గీత తొక్కాను" అన్నాను. "కూర్చున్నా."

బెంచీ చాలా కింద ఉంది. అంత కింద ఉంటుందని నాకు తెలియదు. కూర్చున్నాక కొట్లో ఎవరూ నవ్వలేదు. దాలినాయుడికి నవ్వడానికి ముప్పై ఏళ్ళ నుంచి హక్కుంది. అతనూ నవ్వలేదు. "లే మావా, బాగోలేదు" అన్నాడు.

లేచి వదినకు టీ తెచ్చిచ్చాను. తీసుకుంది. సగం తాగి మిగతా సగం నాకిచ్చింది.

ఆశ్వయుజం, నాలుగో ఆదివారం

వదిన చాప వెడల్పుగా పరిచి, "కాళ్ళు లాగేసుంటాయి, కూకో" అంది. పక్కన కూర్చున్నాను.

చివరి బంతి వచ్చింది. మా కుర్రాడు మధ్య గీత దగ్గర విసిరాడు. తాతబ్బాయి పట్టుకున్నాడు. ఇటూ అటూ చూశాడు. అరచెయ్యి తొడకు తుడుచుకున్నాడు. వదిన కొంగుతో నోరు మూసుకుని నవ్వింది. వాడు పాసిచ్చాడు. చక్కగా, గుండెలెత్తున.

బంతి కోర్టు మూలకు పోయి గాలిలో ఆగింది.

అక్కడ ఎవరూ లేరు. కాలు లేదు. గోరు పగులు లేదు. గీత మాత్రం ఉంది, తారుతో గీసింది, శుభ్రంగా. బంతి కాసేపు అలాగే నిలిచి, తనంతట తనే లేచి, బుట్టలో పడింది. రిఫరీ ఈల వేసి ఖాళీ చోటుకు వేలు చూపించాడు. జనం చప్పట్లు కొట్టారు.

"ఆగే బంతి ఈసారి మూల కాడాగింది" అన్నాడు దాలినాయుడు.

"అది నేను" అన్నాను.

"నువ్వూ ఆడేవోడివా మావా?" అన్నాడు. కాసేపు నా ముఖంలోకి చూశాడు. ఎక్కడో పెట్టి మరిచిపోయిన వస్తువు కోసం వెతికినట్టు చూశాడు. తర్వాత, "నువ్వంటే ఆడే ఉంటావులే" అన్నాడు.

వదిన ఇంకా తెర వైపే చూస్తోంది. "నూకరాజూ, మీ అన్న ఎవురికిచ్చాడు ఆ బంతి?"

"గాలికి" అన్నాను.

"ఊరుకో. గాలికెందుకిత్తాడు? ఆడికి తెలీదేటి? ఆ మూల ఎవుడో ఉండుంటాడు. నమ్మకమైనోడు."



ఆశ్వయుజం, దీపావళి ముందు సోమవారం

జ్ఞాపకశాఖ వారికి. ఇది ఆఖరు.

నిన్న వాడి చొక్కా మీద ఏడంకె మళ్ళీ మసకబారింది. వదిన ఇంకా చూడలేదు. నేను చూశాను. ఎందుకో నాకు తెలుసు. ఆమె గెలిచింది, నేను కూర్చున్నాను, తగువు తీరిపోయింది. మీ చెవికి తీరిన తగువు అక్కరలేదు. నేను మళ్ళీ లేచి పాసు చెత్త అంటే ఆమె నమ్మదు, నవ్వుతుంది. ఆ కోపం అయిపోయింది.

కాబట్టి నాకు కావలసింది రాస్తున్నాను. తాతబ్బాయి పాసు చెత్త అని నిజంగా నమ్మే మనిషిని ఒకణ్ణి పంపండి. కూడబలుక్కున్నవాడు వద్దు. కోరంగిలో వెతకండి, మా మీద నిజమైన అక్కసు ఉన్నవాళ్ళు అక్కడ బోలెడంతమంది. పడవ ఖర్చు మీది, తిండి నాది. వాడు రోజూ మాణిక్యం కొట్లో నా ఎదురుగా నిలబడి ఆ పాసును తిట్టాలి. ఆ పాసు మంచిదని నేను చెప్తాను. ఈసారి నేను కూర్చోను. లోవమ్మ వదిన చాప పరిచే ఓపిక ఉన్నన్నాళ్ళు ఆ తగువు తీరకూడదు.

నన్ను తెర మీదికి తెమ్మని అడగడం లేదు. అది నేను నోటితో ఇచ్చేసింది, వెనక్కి తీసుకోను. కాని ఇది కాగితం, మీ చెవికి వినబడదు. అందుకని రాస్తున్నాను. నా కాలు గీత తొక్కలేదు.

మనిషిని పంపుతారా లేదా, కార్తీక పౌర్ణమి లోపు జవాబు కావాలి. మనిషి చేత్తో రాసి, కింద పేరు పెట్టి, ఓలేటి నూకరాజు అని పైన రాసి ఇవ్వాలి. హాలు గుమ్మం దగ్గరే ఉంటాను. మీవాళ్ళు కుర్చీ వేస్తారు. వద్దని చెప్పండి.

జవాబు వచ్చేదాకా నిలబడే ఉంటాను.